టెల్యురైడ్‌కి ఫిడేలుతో

మార్చి 9

గుడారాల చోట్ల లాటరీలో టౌన్ పార్కు మాకు తగల్లేదు. లాసన్ హిల్‌లో చోటు దొరికింది. ఊరికి కాస్త ఎడం, కానీ షటిల్ బస్సులు తిరుగుతుంటాయి కాబట్టి బెంగ లేదు. కారు దగ్గర్లోనే ఉంటుంది గనక వంట సామాను మోత కూడా తప్పుతుంది.

కొలరాడోలో ఈ టెల్యురైడ్ బ్లూగ్రాస్ సంగీతపు పండగ 1974లో మొదలైంది. ఏటా జూన్ మూడో వారం, గురువారం నుంచి ఆదివారం దాకా. మూడు పక్కలా కొండలు మూసేసిన లోయ. లోయ కొసన 365 అడుగుల మీంచి దూకే బ్రైడల్ వీల్ జలపాతం. ఊరే 8,750 అడుగుల ఎత్తున ఉంది. కిందటేడు పగటి టికెట్లు కొనుక్కుని వెళ్ళి, రాత్రి పడుకోడానికి దూరాన ఉన్న మోటెల్‌కి పోయాం. వేదిక మీద కచేరీలకి ఏ లోటూ లేదు. కానీ తిరిగి వచ్చే దారిలో గుడారాల మధ్య లాంతరు చుట్టూ ఐదారుగురు కూర్చుని వాయించుకుంటున్నారు. అందులో పదేళ్ళు కూడా నిండని పిల్ల ఒకతి, ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని తన వంతు కోసం బాంజో ఆయన వైపే చూస్తోంది. టికెట్టు లేని ఆ కచేరీలోనే అసలు పండగ ఉందని నాకు గట్టిగా అనిపించింది. రాత్రి పూట అక్కడే ఉండేవాళ్ళకే అది దక్కుతుంది.

అందుకే ఈసారి గుడారం. అందుకే ఫిడేలు కూడా.

మార్చి 22

పిన్ని కొడుకు హ్యూస్టన్ నుంచి వస్తానన్నాడు. సంతోషమే గానీ, హ్యూస్టన్ దాదాపు సముద్రమట్టానికే ఉంది. మేం డెన్వర్‌లో 5,280 అడుగుల దగ్గర కాపురం ఉన్నవాళ్ళం, మా ఒళ్ళు సగం అలవాటు పడింది. వాడికి అలా కాదు.

"రోజూ జిమ్‌కి వెళ్తున్నానక్కా, నాకేం కాదు" అంటాడు. కొండ మీద వచ్చే జబ్బు కండలు చూసి వదిలిపెట్టదు. గాలిలో ఆక్సిజన్ పాలు ఎంత ఎత్తుకి పోయినా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. టెల్యురైడ్‌లో అది సముద్రపు ఒడ్డున ఉండేదానిలో ముప్పాతిక వంతుకి కాస్త తక్కువ. పీల్చిన ప్రతి ఊపిరిలోనూ ఆ మేరకు కోత పడుతుంది. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. నిద్రలో ఊపిరి ఒక్క క్షణం ఆగి ఉలిక్కిపడి లేవడం కూడా ఉంటుంది. ముందే తెలిస్తే భయపడం.

పల్లంలో ఉన్నవాళ్ళు ఒక్క రోజులోనే 9,000 అడుగుల పైకి పోయి పడుకోవద్దని డాక్టర్లు చెప్తారు. మేం ఆ హద్దుకి కాస్త కిందే ఉంటాం గానీ, అంత అంచు దాకా పోయి చూడ్డం నాకు ఇష్టం లేదు. వాడు ముందు మా ఇంట్లో ఆగాలి, ఆ తర్వాత దారిలో గన్నిసన్‌లో ఒక రాత్రి, అప్పుడు పైకి. కొండ జబ్బు రాకుండా వేసుకునే డయమాక్స్ సంగతి వాళ్ళ డాక్టరుని అడగమన్నాను. సల్ఫా మందులు పడని సంగతేమైనా ఉంటే ఆయనకి ముందే చెప్పాలని కూడా చెప్పాను. ఆ మందు వేసుకుంటే వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, సోడాల రుచి చెడుతుంది. వాడు రెండోదానికే దిగులు పడ్డాడు.

ఏప్రిల్ 6

పెరట్లో గుడారం వేసి రాత్రంతా అందులోనే పడుకున్నాం, మావారూ నేనూ. డెన్వర్‌లో ఏప్రిల్ రాత్రి చలి, టెల్యురైడ్‌లో జూన్ రాత్రి చలి ఇంచుమించు ఒకటే. అక్కడ నాలుగైదు డిగ్రీల సెల్సియస్‌కి దిగడం మామూలు.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు అంకెలుంటాయి. ఒకటి హాయిగా నిద్ర పట్టే చలి, రెండోది ముడుచుకుని ఎలాగో గట్టెక్కే చలి. సంచీ మీద పెద్ద అక్షరాలతో వేసేది చాలాసార్లు రెండోదే. కొనేవాళ్ళు మొదటిదే చూడాలి. దానికన్నా ముఖ్యమైంది కింద పరుపు. పైన ఎంత దూది కప్పుకున్నా, నేల ఒంట్లో వేడిని కింద నుంచి లాగేస్తుంది. మామూలు గాలి పరుపులో గాలి అటూ ఇటూ కదులుతూ చలిని పైకి తెస్తుంది. లోపల పొరలున్న పరుపు కావాలి. నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-విలువ నాలుగు దాటినది తీసుకున్నాం. ధర చూసి మావారు కాసేపు మాట్లాడలేదు. తెల్లారాక "తిరిగివ్వకు" అన్నారు.

ఇంకో సంగతి. చలేస్తోందని రాత్రి గాలి కిటికీలు మూసేశాం. పొద్దున్న లేచి చూస్తే లోపలి గుడ్డంతా చెమట పట్టి ఉంది. మా ఇద్దరి ఊపిరే అది. వేలితో మీటితే బొట్లు బొట్లుగా ముఖం మీద రాలాయి. స్లీపింగ్ బ్యాగు కాళ్ళ వైపు గుడారానికి తగిలిన చోట అరచేతంత మేర తడి. కాబట్టి చలైనా సరే, పైన ఒక కిటికీ, కింద ఒక కిటికీ తెరిచే ఉంచాలి. ఫిడేలు పెట్టె గుడారం గోడకి తగలకూడదు.

ఏప్రిల్ 13

అమ్మ ఫోను. "ఈ వయసులో బయట పడుకోడమేటే?" అంది. విజయనగరంలో ఎండ మండిపోతోందట. వెంటనే, "మంకీ క్యాపు పట్టుకెళ్తన్నావా?" అంది. ఉంది. నిజానికి స్లీపింగ్ బ్యాగు సంస్థల వాళ్ళందరూ చెప్పేదీ అదే, తల కప్పుకోమని.

మే 3

ఫిడేలు పెట్టె తెరిచేసరికి రెండు తీగలు వేలాడుతున్నాయి. ఇక్కడి గాలిలో తేమ తక్కువ. చెక్క ఎండి ముడుచుకుంటే బిరడా వదులైపోతుంది. బిరడా బయటికి లాగి వెలుతురులో చూశాను. రంధ్రానికి ఆనే రెండు చోట్లా నల్లగా, నున్నగా, గాజులా మెరుస్తోంది. జారేది అక్కడే. ఆ మెరుపు మీద సుద్దముక్క రుద్ది, తిప్పుతూ తిప్పుతూ లోపలికి నొక్కాను. కిర్రుమని పట్టుకుంది. విజయనగరంలో మాస్టారు నేర్పిన వైద్యం. ఇక్కడ కొట్లో దీనికని గొట్టంలో పెట్టి అమ్మే మందుంది. అదీ ఒకటి కొన్నాను గానీ, సుద్దముక్క పెట్టెలోనే ఉంటుంది.

టెల్యురైడ్ గాలి కూడా పొడే. ఫిడేలు పొట్టలో వేలాడేసే రబ్బరు గొట్టం ఒకటి ఉంది, లోపల తడి స్పాంజి. రోజూ తడిపి, బాగా పిండి, తుడిచి పెట్టాలి. ఎండలో కారులో వదిలేస్తే మరీ ప్రమాదం. ఫిడేలు అతుకులకి వాడేది వేడికి మెత్తబడే జంతువుల జిగురు. అమ్మమ్మ కొనిచ్చిన పాత ఫిడేలు ఇంట్లోనే ఉంటుంది. రెండోది వస్తుంది.

శ్రుతి గురించి చాలా రోజులుగా మనసులో ఒక గుబులు. కర్ణాటక సంగీతంలో మనకి నాలుగు తీగలూ స, ప, స, ప. వాళ్ళకి జి, డి, ఏ, ఈ. నా వేళ్ళు నేర్చుకున్నది మనదే. ఇప్పుడు కొత్తగా మార్చుకోవాలా అనుకుంటుండగా తెలిసింది, అమెరికా కొండపల్లెల పాతకాలపు ఫిడేలు వాళ్ళు కొన్ని పాటలకి తీగలు మార్చి కట్టుకుంటారని. ఏ-ఈ-ఏ-ఈ అని ఒక పద్ధతి. జి-డి-జి-డి అని ఇంకొకటి. ఇది స-ప-స-ప కాక ఇంకేమిటి! జి-డి-జి-డికైతే పై రెండు తీగలూ ఒక్కో స్వరం దించితే చాలు. నేను పుట్టి పెరిగిన శ్రుతి కెంటకీ, వర్జీనియా కొండల్లో కూడా ఉందన్నమాట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వెంటనే కట్టుకుని, మోహన రాగం ఒక అరగంట వాయించాను.

మోహనం వాళ్ళ పాటలకి బాగా దగ్గర. ఆ ఐదు స్వరాలే వాళ్ళ పాత ఫిడేలు పాటలు చాలావాటిలో వినిపిస్తాయి. గమకం మాత్రం మనదిలా కాదు. వాళ్ళు జారుతారు, మనం ఊపుతాం. అక్కడ నా ఊపు కాస్త తగ్గించుకోవాలి.

మే 10

ఎత్తు పెరిగే కొద్దీ ఎండలో అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి. వెయ్యి మీటర్లకి పది శాతం పైచిలుకు. చల్లటి గాలి వీస్తుంటే కాలుతున్న సంగతి తెలియదు. అంచు వెడల్పాటి టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు, పెదాలకి రాసుకునేది. చెవుల వెనకా, పాదాల పైనా మర్చిపోకూడదు. మేం నేల మీద కూర్చునేవాళ్ళం.

మే 18

వంట. సముద్రమట్టంలో నీళ్ళు మరిగేది నూరు డిగ్రీల దగ్గర, డెన్వర్‌లో 95 దగ్గర, టెల్యురైడ్‌లో 91 దగ్గర. నీళ్ళు తొందరగానే తెర్లుతాయి, కానీ అందులో వేడి తక్కువ. గిన్నెలో కందిపప్పు పెడితే సాయంత్రం దాకా పలుకులుగానే ఉంటుంది. మన ప్రెషర్ కుక్కర్ ఇలాంటి చోటికే పుట్టిందా అనిపిస్తుంది. బయట గాలి ఎంత పల్చనైనా, దాని మీద సముద్రమట్టపు గాలికుండేంత ఒత్తిడి ఇంకోటి వేసి మూత బిగించుకుంటుంది. లోపల 115 డిగ్రీల పైనే ఉంటుంది. ఇంట్లోకన్నా ఒక విజిల్ ఎక్కువ వేయించాలి, అంతే. రెండు లీటర్ల చిన్న కుక్కర్ తీసుకున్నాం.

గ్యాసు డబ్బా కొనేటప్పుడు లోపలేముందో చదవాలి. మామూలు బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆవిరవడం మానేస్తుంది, తెల్లారుజామున కాఫీ పడదు. ఐసోబ్యూటేను, ప్రొపేను కలిపింది తెచ్చుకోవాలి. పొయ్యి ఎంత గాలి వీచినా గుడారంలోకి తేకూడదు. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. కట్టెల మంట మాట తలపెట్టనే కూడదు. ఆ కొండల్లో జూన్ అంటే కార్చిచ్చుల కాలం.

రాగానే నీరసంగా ఉంటుంది గనక మొదటి పూటకి అటుకుల ఉప్మా. తర్వాత పులిహోర గుజ్జు, కందిపొడి, నెయ్యి, పెసరపప్పు కట్టు. గోంగూర సీసా తీసుకెళ్దామా వద్దా అని మావారితో పెద్ద చర్చ. కారణం ఎలుగుబంట్లు.

మే 31

ఎలుగుబంట్లు అన్నానుగా. అవి నల్ల ఎలుగులు. మనుషుల జోలికి మామూలుగా రావు, తిండి జోలికి తప్పకుండా వస్తాయి. తాళం వేయని కారు తలుపు తీయడం కూడా నేర్చుకున్నాయి ఆ ప్రాంతంలో. కాబట్టి తిండి, చెత్త, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, ఏదీ గుడారంలో ఉండకూడదు. అన్నీ తాళం వేసిన కారులో. నోరు కడిగిన నీళ్ళు కూడా దూరంగా పొయ్యాలి. గోంగూర వస్తోంది, గట్టి డబ్బాలో.

ఎలుగుకన్నా నాకు భయం మెరుపు. కొండల్లో వేసవి మధ్యాహ్నాలు హఠాత్తుగా మబ్బు పట్టి ఉరుముతుంది. గుడారం వానని ఆపుతుంది గానీ పిడుగుని ఆపదు. లోహపు గుంజలు పట్టుకుని కూర్చోవడం మరీ తప్పు. ఉరుము వినపడగానే అద్దాలెత్తిన కారులోకి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి గానీ బయటికి రాకూడదు. తమ్ముడికి ఇది పాఠంలా అప్పజెప్పించాను.

జూన్ 7

డెన్వర్‌లో నాకు పాటలు నేర్పుతున్న పెద్దావిడ గుంపుగా కూర్చుని వాయించుకునే జామ్ మర్యాదలన్నీ చెప్పింది. పాట తెలియకపోతే గుంపుకి వెనక కూర్చుని మెల్లగా పట్టుకోవచ్చు, తప్పు లేదు. పాట ఎత్తుకున్నవాళ్ళే పెద్ద. వాళ్ళు తలూపితే నీ వంతు, అక్కర్లేదనుకుంటే తల అడ్డంగా ఊపి పక్కవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు. ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్ళు తగ్గాలి. పాట ముగించబోతున్నారనడానికి గుర్తు, ఎత్తుకున్నవాళ్ళు ఒక కాలు ముందుకి చాపడం. మన కచేరీలో కల్పనస్వరాలు పాడేవాళ్ళ నుంచి ఫిడేలుకీ, ఫిడేలు నుంచి పాడేవాళ్ళకీ తిరగడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ లెక్క నాకు కొత్త కాదు. కొత్తదల్లా వేగం.

బ్లూగ్రాస్‌కి వయసేమీ ఎక్కువ కాదు. బిల్ మన్రో 1940ల్లో తన మాండలిన్ చుట్టూ కట్టిన సంగీతం, ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ళ బాంజో వచ్చి చేరాక నిలదొక్కుకుంది. టెల్యురైడ్ దాన్ని కట్టు దాటనిచ్చిన చోటు. మాండలిన్ వాయించే శామ్ బుష్ 1975 నుంచి అక్కడికి వస్తూనే ఉన్నాడు. బాంజో వాయించే బేలా ఫ్లెక్, తబలా జాకీర్ హుస్సేన్ గారితో కలిసి రికార్డులు చేసినవాడు. వాళ్ళ 2023 రికార్డుకి మరుసటేడు గ్రామీ వచ్చింది. ఆ జోడీ విన్నాక, స-ప-స-ప శ్రుతి పట్టుకుని గుంపులో కూర్చోడానికి నాకు జంకు పోయింది.

మాస్టారు ఉంటే ఏమనేవారో? విజయనగరం సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసుగారు నడిపించిన చోటు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు చెప్పిన చోటు. అసలు ఫిడేలే మనకి తెల్లవాళ్ళ బ్యాండుల నుంచి వచ్చిందని, బాలస్వామి దీక్షితులు దాన్ని మన చేతికి తెచ్చారని మాస్టారు చెప్తుండేవారు. అప్పుడు మనం వాళ్ళ దగ్గర తీసుకున్నాం గనక, ఇప్పుడు అక్కడికి తీసుకెళ్ళడానికి ఆయన కాదనేవారు కాదు.

జూన్ 15

తమ్ముడు దిగాడు. కొత్త బూట్లు కొనుక్కొచ్చాడు. ఈ రెండు రోజులూ వాటితోనే ఇంట్లో తిరగమన్నాను, పొక్కులు ఇక్కడే రానీ అని.

సామాను హాలంతా పరిచాం. టార్పాలిను, వీపు ఆనుకునే పొట్టి కుర్చీలు (వేదిక ముందు పొడుగు కుర్చీలు వేస్తే వెనకవాళ్ళకి అడ్డం), తలకి కట్టుకునే లైట్లు, ఎర్ర వెలుగు వచ్చేవి. తెల్ల లైటు పక్క గుడారం వాళ్ళ కళ్ళలో కొడితే నిద్ర పాడు. నీళ్ళ క్యాను, స్టీలు కంచాలు, గ్లాసులు. పారేసే కంచాలు ఒక్కటీ తీసుకెళ్ళడం లేదు. ఆ లోయలో చెత్త మిగల్చకుండా రావాలన్నది అక్కడి జనం పట్టుదల, నాకు నచ్చిన పట్టుదల. పడుకునేటప్పుడు వేసుకునే మేజోళ్ళు విడిగా ఒక సంచిలో. పగలు తొడిగినవి ఎంత పొడిగా అనిపించినా వాటిలో చెమట ఉంటుంది, రాత్రి అవే కాళ్ళని చల్లబరుస్తాయి.

నేను కూర్చోవడానికి మందపాటి ఫోము ముక్క. ఫిడేలు తల కుడి మడమ మీద ఆనించి నేల మీద వాయించేదాన్ని. నేల చల్లబడితే వేళ్ళు బిగుస్తాయి.

జూన్ 17, గన్నిసన్

285 మీదుగా వచ్చి, 50వ నంబరు రోడ్డెక్కి, మొనార్క్ కనుమ దాటాం. 11,312 అడుగులు. పైన ఆగినప్పుడు వెనక సీట్లో అప్పడాల ప్యాకెట్లు దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. సన్‌స్క్రీన్ మూత తీయగానే సగం చేతిలోకి కక్కేసింది. తమ్ముడు నాలుగడుగులు వేసి, "అక్కా, మాట్లాడుతూ నడవలేకపోతున్నా" అన్నాడు. ఇక్కడ గన్నిసన్‌లో 7,700 అడుగులు. తల కొంచెం బరువుగా ఉందంట. మంచినీళ్ళు, చారన్నం, బీరు లేదు. మావారు వాడికి తోడుగా మానేశారు.

జూన్ 18, లాసన్ హిల్

డల్లాస్ డివైడ్ దగ్గర స్నెఫెల్స్ శిఖరం ఇంకా మంచుతో ఉంది. తమ్ముడు రాత్రి బాగానే నిద్రపోయాడు, పొద్దున్న నాలుగు ఇడ్లీలు తిన్నాడు. ఆకలి ఉందంటే సగం గండం గడిచినట్టే.

వేళకి చేరాం. మేకులు దిగలేదు, నేలంతా గులకరాళ్ళు. రాళ్ళకే తాళ్ళు కట్టాం. నాలుగింటికి ఉరిమింది. చెప్పినట్టే కారులో కూర్చున్నాం, పక్క గుడారం వాళ్ళిద్దరూ తమ కారులోంచి మాకు చెయ్యూపారు. వాన వెలిశాక వాళ్ళకి అటుకుల ఉప్మా పంపాను. వాళ్ళ దగ్గర గిటారు, బాంజో ఉన్నాయి.

ఇక్కడికి దగ్గర్లోనే ఏమ్స్ అనే చోట 1891లో నీటితో కరెంటు తీసి, ఆ ఏసీ కరెంటుని మైళ్ళ దూరం కొండ మీద బంగారు గనికి పంపారు. ప్రపంచంలోనే అలా చేసిన తొలి చోట్లలో ఒకటి. లాంతర్లు వెలిగిస్తుంటే ఆ మాట చెప్పాడు బాంజో ఆయన. రేపటి స్పీకర్లన్నిటికీ ముత్తాత అది.

తొమ్మిది దాటాక వాళ్ళ గుడారం ముందు గుంపు కూడింది. వెనకాల ఫోము ముక్క వేసుకుని కూర్చున్నాను. మొదటి మూడు పాటలూ వినడమే. నేల మీద ఫిడేలు పట్టుకోవడం చూసి మాండలిన్ అమ్మాయి దగ్గరికి జరిగి నా మడమ వైపు వంగి చూసింది. ఏ శ్రుతి అని అడిగితే జి-డి-జి-డి అన్నాను. "పాతకాలం దానివా!" అని నవ్వి, జిలో ఒకటి ఎత్తుకుంది, తల నా వైపు ఊపింది. నా వంతు వచ్చింది. పాట మధ్యలో మోహనం ఒక ఆవర్తనమంత దూరి బయటికి వచ్చాను. బాంజో ఆయన "మళ్ళీ, మళ్ళీ" అంటూ ఇంకో చుట్టు ఇచ్చాడు. వేళ్ళు చలికి బిగుసుకున్నాయి, శ్వాస అందలేదు, ఒంటిగంట దాకా లేవలేదు.

జూన్ 19, ఉదయం

తమ్ముడు తెల్లారకుండానే టార్పాలిను చంకన పెట్టుకుని మొదటి బస్సులో పోయాడు. గేట్లు తీయగానే అందరూ చోటు కోసం పరిగెత్తుతారు. వాడికి తలనొప్పి లేదట, కానీ పరిగెత్తొద్దని గట్టిగా చెప్పి పంపాను. వెనకైతే వెనకే. ఇక్కడ ఖాళీగా ఉన్న టార్పాలిను మీద, అవతలివాళ్ళు వచ్చేదాకా ఎవరైనా కూర్చోవచ్చు.

ఇప్పుడే ఫోను చేశాడు. కంచె పక్కన దొరికిందట, నీడ లేదట. ఫ్లాస్కులో కాఫీ, టోపీ, కందిపొడి అన్నం తెమ్మన్నాడు. మధ్యాహ్నం మబ్బు పట్టకముందే మావారు ఇక్కడికి వచ్చి గుడారం చూసుకుంటారు. సాయంత్రం మాండలిన్ అమ్మాయి తన వాళ్ళని తీసుకొస్తానంది. ఏ-ఈ-ఏ-ఈ కట్టుకుని ఉండమంది. తీగలు ఇప్పుడే మార్చి పెట్టి వెళ్తే, సాయంత్రానికి కుదురుకుంటాయి.